నాలుగో పాట ముందు ఖాళీ

మా పెళ్లయి అప్పటికి యాభై రెండు రోజులు. ఆ యాభై రెండు రోజుల్లో మేం పోట్లాడుకున్నది ఒక్కసారే. అదీ సోఫా గురించి. కిటికీ ఉన్న పక్క గోడకు వేద్దామని నేను, స్పీకర్లకు ఎదురుగా వెనక గోడకు వేద్దామని మా ఆయన. నాకు కూర్చుంటే వీధి కనపడాలి. గొడుగు మర్చిపోయి వెనక్కి పరిగెత్తేది ఎవరో, ఎవరి కుక్క ఎవరిని లాక్కెళుతోందో చూస్తూ టీ తాగడమంటే నాకు ప్రాణం. ఆయనకు కూర్చుంటే పాట సూటిగా వచ్చి చెవిలో పడాలి. రెండు రోజులు ఎవరి పంతం వారిది. మూడో రోజు ఇద్దరికీ ఒకేసారి జాలి పుట్టింది. నీ మాటా వద్దు, నా మాటా వద్దు, గదికి సరిగ్గా నడిమధ్యన వేద్దామనుకున్నాం.

సరిగ్గా అంటే సరిగ్గానే. మా ఆయన వంటింటి అలమరలు చేసే కంపెనీలో కొలతలు తీసే మనిషి. ఇళ్లకు వెళ్లి గోడలు కొలిచి రావడమే ఉద్యోగం. జేబులో ఇంటి తాళం లేకపోయినా టేపు మాత్రం ఉంటుంది. గది పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు పదకొండు. నేల మీద పెన్సిలుతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు గీశాడు. సోఫా మధ్య కుట్టు ఆ రెండు గీతలూ కలిసేచోటికి వచ్చేదాకా అటు జరుపు, ఇటు జరుపు అని నన్ను పావుగంట ఆడించాడు. ఆ తర్వాత ఆ కుట్టుకు అటొకరు, ఇటొకరు కూర్చుని, "సంసారమంటే ఇదీ" అని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం. నాకైతే ఆ పెన్సిలు గీతలు కూడా ఎంత నచ్చాయంటే, నేల తుడిచేటప్పుడు వాటి దగ్గర గుడ్డ ఎత్తి పట్టుకునేదాన్ని.

నిజానికి మా ఆయనకు నాకన్నా ముందే ఒక సంసారం ఉంది. ఒక యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. పాటలో బాగా కిందిస్థాయిలో మోగే బరువైన శబ్దాలన్నీ ఈ సబ్‌వూఫర్ వంతు. చూడ్డానికి మూత లేని బియ్యం డబ్బాను నల్లగా చేసి పక్కకు తిప్పినట్టుంటుంది. పెళ్లికి ముందు ఆయన ఒక్కడే ఉన్న గదిలో, మంచం మీద గోడకు ఆనుకుని వింటుంటే, పక్కనున్న గ్లాసులో నీళ్లు వణికేవట. మా ఇంటికొచ్చాక ఆ పెట్టె మూగనోము పట్టింది. పాట వస్తుంది, కింద బరువుండదు.

"కొత్త కాపురం కదా, సిగ్గేమో" అన్నాను నేను.

"నీకు లేని సిగ్గు దానికెందుకు?" అన్నాడాయన.

మామూలుగా అయితే అలా నవ్వుకుని వదిలేసేవాళ్లమే. కానీ ఆదివారం అత్తగారు, మామగారు మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. ఆ రోజుకు ఆ పెట్టె మోగకపోతే మామగారికి నేనిచ్చిన మాట గంగలో కలుస్తుంది.

మా మామగారు ఇరవై ఏడేళ్లు ఒక క్లబ్బు హాలులో, వాద్యబృందంలో, డబుల్ బేస్ వాయించారు. మనిషికన్నా ఎత్తుండే వయొలిన్ లాంటిది అది. నిలబడి, దాన్ని ఒంటికి ఆనించుకుని, లావుపాటి తీగలను వేళ్లతో లాగి వాయిస్తారు. అది హాలు వాళ్లది. ఇంటికి తెచ్చే వస్తువు కాదు, తెచ్చినా గుమ్మంలో పట్టేది కాదు. అత్తగారు హాలుకు ఒక్కసారీ వెళ్లలేదు. ముగ్గురు పిల్లలు. ఒకరికి దగ్గు తగ్గితే ఇంకొకరికి మొదలయ్యేదట. పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి హాలు మూసేశారు. తర్వాత మామగారి వేళ్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడానికే ఆయనకు కాస్త సమయం కావాలి.

మిగిలింది ఒక్క క్యాసెట్టు. ఎవరో అభిమాని ఒక సాయంత్రం రికార్డు చేసిన ఏడు పాటలు. ఇంట్లో ఉన్నదేమో అరచేయంత స్పీకరున్న టేప్‌రికార్డరు. అందులో పాడే ఆవిడ వినపడేది, పియానో వినపడేది, బూర మరీ వినపడేది. మామగారు మాత్రం వినపడేవారు కాదు.

"ఇందులో మీరెక్కడండీ?" అని అత్తగారు అడిగేవారట.

"అడుగున ఉన్నాను."

"మరీ అంత అడుగునా?"

ఇది ఆ ఇంట్లో తరతరాల ఆస్తిలాంటి జోకు. మా ఆయన పిన్ని పిల్లలకు కూడా కంఠతా వచ్చు. పెళ్లి పనుల్లో అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ మామయ్య ఇరవై ఏడేళ్లు ఆ పెద్ద వయొలిన్ పడిపోకుండా పట్టుకునే ఉద్యోగం చేశారమ్మా" అంటే అందరూ పడీపడీ నవ్వారు. మామగారూ నవ్వారు. అందరికన్నా ఒక్క అర క్షణం ఆలస్యంగా.

మేం కొత్తింటికి బయల్దేరే రోజు ఆయన నన్ను వరండాలోకి పిలిచి, రుమాలులో చుట్టిన పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టారు. క్యాసెట్టులోని పాటలు ఎవరిచేతో అందులోకి ఎక్కించారట.

"నాలుగో పాట చూడమ్మా. మొదట్లో ఎనిమిది దెబ్బలు నేనొక్కడినే. తక్కినవాళ్లంతా ఆగుతారు. మా ఇంట్లో మాత్రం అది ఖాళీ. మూడో పాట అయిపోయి, నాలుగోది మొదలయ్యేలోపు టేపు కాసేపు ఊరికే తిరిగిందనుకుంటారు అందరూ. మీ అత్తయ్య ఆ ఖాళీలోనే లేచి పొయ్యి మీద పాలు చూసొచ్చేది."

నేను తలూపాను.

"వాడి దగ్గర మంచి పెట్టె ఉంది కదా. ఒక్కసారి ఆవిడకు వినిపించు. పాటలన్నీ అక్కర్లేదు. ఆ ఎనిమిదీ చాలు."

"ఆయనకు చెప్పకుండా నాకెందుకు చెబుతున్నారు మామయ్యా?"

"వాడికి చెబితే నవ్వుతాడు. నువ్వు కొత్తదానివి. నీకింకా ఆ జోకు అలవాటు కాలేదు."

నేను సరేనన్నాను. అంత తేలిగ్గా అన్నానంటే, ఆ పెట్టె గురించి మా ఆయన చెప్పిన గొప్పలన్నీ నమ్మాను మరి.

బుధవారం సాయంత్రం ఆ పెన్‌డ్రైవ్ పెట్టి విన్నాం. మూడో పాట ముగిసింది. చప్పట్లు. తర్వాత చిన్న గరగర. తర్వాత పియానో, పాట. ఖాళీ ఖాళీగానే ఉంది. నేను మా ఆయన మొహంలోకి చూశాను. మామగారు చెప్పిందంతా ఆయనకు అప్పుడు చెప్పాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "నాన్న నిన్నడిగాడా?" అని మాత్రం అని, లేచి పెట్టె వెనకకు వెళ్లి బోర్లా పడుకున్నాడు.

అక్కడ మొదలైంది మా వైద్యం. నేను రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. మా ల్యాబులో చేరిన మొదటి రోజు నేర్పేది ఒక్కటే: కారణం వెతికేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, తక్కినవన్నీ ఉన్నచోట ఉండాలి. మా ఆయనకు అది ఏ గురువూ నేర్పలేదు.

"ఇప్పుడేం చేశావు?" అన్నాను.

"వైరు మార్చాను. నాబు పెంచాను. వెనకాల చిన్న స్విచ్చుంటే ఇటు వేశాను. ఇంకోటేదో కూడా తిప్పాను, అదేమిటో గుర్తులేదు."

"నాలుగూ ఒకేసారా? ఇప్పుడు బాగైతే దేనివల్ల బాగైందో ఎలా తెలుస్తుంది?"

"బాగైతే చాలదా? దేనివల్లో తెలిసి దండ వేస్తావా?"

"మందులన్నీ కలిపి మింగేసే రకం నువ్వు."

"రోగి బతకాలి కదా, డాక్టరమ్మా."

చివరికి నా మాటే నెగ్గింది. కాగితం తీసుకుని గళ్లు గీశాను. ఏం మార్చాం, ఏమైంది. గురువారం వైరు. కొత్తది వేశాం, తేడా లేదు. తర్వాత పెట్టె వెనకున్న శబ్దం నాబు. సగం నుంచి పూర్తిగా తిప్పాం, గరగర కాస్త పెరిగిందంతే. తర్వాత ఫేజ్ అని రాసున్న బుల్లి స్విచ్చు. అది పెట్టె, స్పీకర్లు ఒకదానికొకటి ఎదురు తోసుకోకుండా చూసే స్విచ్చట. అటు వేశాం, ఇటు వేశాం. తేడా లేదు, తేడా లేదు. తర్వాత ఏ స్వరం దాకా పెట్టె మొయ్యాలో చెప్పే నాబు. అదీ అంతే.

ప్రతిసారీ ఒకటే పద్ధతి. ఆయన మార్చి, వచ్చి, సోఫాలో తన వైపు కూర్చోవాలి. ఆయన కూర్చున్నాకే నేను రిమోట్ నొక్కాలి. ఎందుకంటే వినే చోటు మారకూడదు కదా, అది పరీక్షకు విరుద్ధం. ఒకసారి ఆయన పెట్టె దగ్గరే నిలబడి, "నొక్కు, ఇక్కణ్నుంచే వింటా" అంటే నేను ఒప్పుకోలేదు. "నియమం నియమమే. వచ్చి కూర్చో." వచ్చి కూర్చున్నాడు. మా పరీక్ష ఎంత పకడ్బందీగా సాగుతోందో అని నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది. కాగితం మీద పదకొండు గళ్లు నిండాయి. పదకొండింటిలోనూ "లేదు".

శుక్రవారం నేను ల్యాబులో ఉండగా మామగారు ఫోన్ చేశారు.

"అమ్మా, వచ్చిందా?" అన్నారు గొంతు తగ్గించి.

"వస్తోంది మామయ్యా."

"వస్తోందంటే? ఎన్ని వచ్చాయి, ఎనిమిదీనా?"

నేను జవాబు వెతుక్కునేలోపే వెనక నుంచి అత్తగారి గొంతు వినపడింది. "ఎవరండీ? ఏమిటి వచ్చేది?" ఫోన్ చేతులు మారింది. "ఏమిటమ్మా వచ్చేది?"

"పరదాలత్తయ్యా. కిటికీకి" అన్నాను. నోటికి ఏదొస్తే అది.

"పరదాలకు మీ మామయ్య సలహా అడుగుతున్నావా! ఆయనకు రంగులు రెండే తెలుసమ్మా, తెలుపు, తెలుపు కానిది."

పరదాలని అబద్ధమాడాను కాబట్టి ఆ సాయంత్రం వెళ్లి నిజంగానే పరదాలు కొనుక్కొచ్చాను. నీలం మీద తెల్ల చుక్కలు. అబద్ధం వల్ల ఇంత అందమైన లాభం రావడం నా జీవితంలో అదే మొదలు.

శనివారం పొద్దున మా ఆయన స్పీకర్లు బాగుచేసే పెద్దాయనను తీసుకొచ్చాడు. బజారులో అందరూ ఆయనను రిపేరు బాబాయి అంటారు. జేబులో రెండు స్క్రూడ్రైవర్లు, చెవి మీద పెన్సిలు. కూర్చోండి బాబాయిగారూ అంటే చేయి అడ్డం పెట్టారు.

"నేను ఇళ్లలో కూర్చోనమ్మా. కూర్చుంటే టీ వస్తుంది, టీ వస్తే కబుర్లొస్తాయి, కబుర్లొస్తే పక్కింటివాళ్ల మిక్సీ కూడా వస్తుంది."

పెట్టె విప్పారు. లోపల వైర్లు చూశారు, కాగితంలా ఉండే ఆ గుండ్రటి పొరను బొటనవేలితో మెత్తగా నొక్కి చూశారు. మళ్లీ బిగించి, వెళ్లి తలుపు పక్క మూలన గోడకు చేరగిలబడి నిలబడ్డారు. "ఇప్పుడు పెట్టండి."

మేం నియమం ప్రకారం సోఫాలో మా స్థానాల్లో కూర్చున్నాం. నేను నొక్కాను. చప్పట్లు, గరగర, పియానో.

"చూశారా బాబాయిగారూ, ఏమీ లేదు" అన్నాడు మా ఆయన.

"ఏమీ లేకపోవడమేమిటి?"

"ఆ ఎనిమిది దెబ్బలూ లేవు."

"లేకపోవడమేమిటి బాబూ! నా వీపు వెనక గోడ అదిరింది. శుభ్రంగా ఎనిమిదీ లెక్కపెట్టాను."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్లీ పెట్టాను. ఆయన మూల నుంచి వేలు ఊపుతూ, "ఒకటి, రెండు, ఇదిగో మూడు" అంటున్నారు. మాకు ఆయన వేలు తప్ప ఏమీ లేదు. అర్చకుడికి దేవుడు కనపడుతున్నాడు, భక్తులకు కనపడ్డం లేదన్నట్టుంది వ్యవహారం.

"ఇద్దరికీ వినపడలేదా?" అన్నారాయన అనుమానంగా.

"ఇద్దరికీ లేదు."

"అయితే నన్నెందుకు పిలిచారమ్మా, చెవుల డాక్టర్ని పిలవాలి గానీ. పెట్టెకు ఏ రోగమూ లేదు." మేం ఆటపట్టిస్తున్నామనుకున్నారో ఏమో, సంచి భుజాన వేసుకుని విసవిసా వెళ్లిపోయారు.

నాకు ఒక్కసారిగా నీరసం వచ్చింది. పెట్టె బాగానే ఉందంటే ఇంక మార్చడానికేముంది? కాగితం మీద పన్నెండో గడిలో ఏం రాయాలి? రేపు మామగారు ఇదే సోఫాలో కూర్చుంటారు. మూడో పాట అవుతుంది. అత్తగారు పాలు చూడ్డానికి లేస్తారు. ఈసారి ఆయన నవ్వడానికి ఎంత ఆలస్యమవుతుందో. మా ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి, తన జేబులో టేపు పక్కన పెట్టుకున్నాడు.

అరగంటకు ఫోన్ మోగింది. రిపేరు బాబాయి.

"అమ్మా, బస్సెక్కాక ఆలోచించాను. ఇద్దరికిద్దరూ అబద్ధమాడే మొహాలు కావు మీవి. ఒక్క మాట చెప్పు. మీరెక్కడ కూర్చున్నారు?"

"సోఫాలో."

"సోఫా ఎక్కడుంది?"

"గది మధ్యలో."

"మధ్యలో అంటే? ఇంచుమించుగానా?"

"ఇంచుమించు కాదు బాబాయిగారూ, సరిగ్గా మధ్యలో. అటూ ఇటూ కూడా. టేపు పెట్టి కొలిచాం."

అవతల ఆయన నవ్వు మొదలైంది. బస్సులో వాళ్లంతా ఆయనకేసి చూసి ఉంటారు. "నలభై ఏళ్ల నుంచి ఈ పని చేస్తున్నానమ్మా. తప్పు చేసేవాళ్లను చూశాను గానీ, టేపు పెట్టి కొలిచి మరీ తప్పు చేసినవాళ్లను చూడలేదు."

ఆయన చెప్పింది ఇది. కిందిస్థాయి శబ్దం పొడవాటి అల. గదిలో ఈ గోడకు కొట్టుకుని ఆ గోడకు, ఆ గోడకు కొట్టుకుని ఈ గోడకు ఊగుతుంది. గోడల దగ్గర బలంగా ఉంటుంది. నడిమధ్యన అటు నుంచి వచ్చేదీ ఇటు నుంచి వచ్చేదీ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. "నమ్మకపోతే పళ్లెంలో నీళ్లు పోసి ఊపి చూడండి. ఇంక ఉంటా, మా స్టాపొచ్చింది."

నేను అప్పటికే పళ్లెం కోసం వంటింట్లోకి పరిగెత్తాను. పొడుగాటి ట్రేలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, నేల మీద పెట్టి మెల్లగా ఊపాను. మా ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈ కొసన నీళ్లు లేస్తే ఆ కొసన దిగుతున్నాయి. ఆ కొసన లేస్తే ఈ కొసన. నడిమధ్యన మాత్రం మట్టం మారడమే లేదు. ఎంత ప్రశాంతంగా ఉందో అక్కడ! ఎవరికీ అన్యాయం జరగని చోటు. ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకుని, గీతలు గీసుకుని, రోజూ కూర్చున్నది ఆ చోటులోనే. నియమమంటూ ఆయన్ని లాక్కొచ్చి కూర్చోబెట్టిందీ అక్కడే.

"నువ్వు పెట్టె దగ్గర నిలబడి వింటానన్నావు చూడు..." అన్నాను.

"అన్నాను."

"నేను విననివ్వలేదు."

"టేపు నాదేలే" అన్నాడు. పెళ్లయ్యాక నేను విన్న మాటల్లో ఇంత మంచి మాట ఇంకోటి లేదు.

పాట పెట్టి ఇద్దరం గదంతా తిరిగాం. నిలబడితే ఒకలా, వంగితే ఒకలా ఉంటుందేమోనని చివరికి మోకాళ్ల మీద పాకాం కూడా. నిజమే, గోడ దగ్గరికి పోయేకొద్దీ శబ్దం నేలలోంచి పైకొస్తోంది. మధ్యకొస్తే ఇంకిపోతోంది. తలుపు మూలన మరీ ఎక్కువ, డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు. కిటికీ గోడ దగ్గర ఉంది గానీ, స్పీకర్లు ఒకే చెవికి చెబుతున్నట్టుంది. వెనక గోడకు సోఫా జరిపి కూర్చుని నొక్కాను.

చప్పట్లు ఆగాయి. అప్పుడొచ్చాయి. రెండు నిదానంగా, ఒకటి తొందరగా. మళ్లీ రెండు నిదానంగా, ఒకటి తొందరగా. తర్వాత ఒకటి. కాస్త ఆగి, ఇంకొకటి. చెవికన్నా ముందు వీపుకు తెలిశాయి. నేను గట్టిగా అరిచి మా ఆయన భుజం మీద రెండు దెబ్బలేశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. "నాన్నా!" అన్నాడు చిన్నగా. ఈ పెట్టె కొన్నప్పటి నుంచి ఎన్ని వందల పాటలు విన్నాడో. ఇదొక్కటీ ఎప్పుడూ పెట్టలేదట. అందులో ఏముంది, నాన్న వినపడడు కదా, అనుకున్నాడట.

సోఫా తగాదాలో అలా ఓడిపోయాను. కిటికీ కింద నాకొక చిన్న బల్ల చేయిస్తానని రాజీకొచ్చాడు. "కొలత నేనే తీస్తా" అన్నాడు. "నువ్వు మాత్రం తియ్యకు" అన్నాను.

ఆదివారం పదిన్నరకు వాళ్లొచ్చారు. ఇల్లు చూపించాం. అత్తగారు అలమర తలుపులన్నీ తెరిచి మూశారు, కొళాయి తిప్పి చూశారు, పరదాలను వేళ్ల మధ్య నలిపి బాగున్నాయన్నారు. మామగారు దేన్నీ చూడలేదు. నల్ల పెట్టెకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశారు. నేను కళ్లతోనే అవునన్నాను. ఆయన చొక్కా సర్దుకుని, పరీక్ష రాయబోయే పిల్లాడిలా సోఫా అంచున కూర్చున్నారు.

అత్తగారు ఆయన పక్కన కూర్చున్నారు. మొదటి పాట మొదలవగానే, "ఓ, ఇవా!" అన్నారు. "బూర ఎంత బాగా వినపడుతోందో! ఆ బూర ఆయన ఒకసారి మనింటికి కూడా వచ్చాడు కదండీ. వాళ్లావిడకు మోకాలి నొప్పి."

రెండో పాటంతా ఆ మోకాలి నొప్పి సాగింది. మూడో పాటలో అది తగ్గి, మా పరదాల దగ్గరికొచ్చింది. "అమ్మా, కాస్త..." అని మా ఆయన అనబోతే, మామగారు చేయెత్తి ఆపారు. "వదిలెయ్యరా, మాట్లాడనీ."

మూడో పాట అయిపోయింది. చప్పట్లు. అత్తగారు, "వంటింట్లో ఏమైనా చూడాలా అమ్మా?" అంటూ లేవడానికి సోఫా చెయ్యి పట్టుకున్నారు.

రెండు నిదానంగా. ఒకటి తొందరగా.

అత్తగారు సగం లేచి ఆగారు. తల తలుపు వైపు తిప్పారు.

మళ్లీ రెండు, ఒకటి. తర్వాత ఒకటి. ఆగి, ఇంకొకటి.

"ఎవరో మెట్లెక్కి వచ్చారు. తలుపు తియ్యరా" అన్నారు మా ఆయనతో.

ఎవరూ కదల్లేదు. పియానో మొదలైంది, పాట మొదలైంది. అత్తగారు తలుపుకేసి ఇంకా చూస్తూనే ఉన్నారు. మామగారి మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

"అత్తయ్యా, ఎవరూ రాలేదు. అది పాటలోదే" అన్నాను.

"పాటలోదా? మళ్లీ పెట్టు."

పెట్టాను. ఆవిడ ఈసారి లేవలేదు. కూర్చుని, కళ్లు చిట్లించి, ఎవరో దూరంగా నడిచి వస్తుంటే గుర్తుపట్టడానికి చూసినట్టు విన్నారు. ఎనిమిదీ అయ్యాక భర్త వైపు తిరిగారు.

"ఇది మీరే కదండీ."

"నేనే" అన్నారు మామగారు. "అక్కడ నేనొక్కడినే."

"వాయించడం సంగతి కాదండీ. మీ నడక ఇది. హాలు నుంచి ఇంటికొచ్చేటప్పుడు మెట్లెక్కే తీరు. రెండు నిదానం, ఒకటి తొందర. పైమెట్టు దగ్గర ఆగేవారు చూడండి, తాళం వెతుక్కోవడానికి? ఇదిగో ఈ ఆగడం అదే."

"తాళమా! పియానో ఆయన కాగితం తిప్పుకోవడానికి ఆగేవాణ్ని అక్కడ."

"మెట్ల మీద పియానో ఎక్కడిదండీ?"

మా ఆయన ఫక్కున నవ్వాడు. మామగారు నవ్వలేదు. ఏదో లెక్క తేలనట్టు తన పాదాలకేసి చూసుకుంటున్నారు.

"నేనలా ఎక్కేవాణ్నా?"

"ఒక్కరోజు తప్పితే ఒట్టు. పిల్లలు మేలుకున్నా ఆ చప్పుడు వినపడగానే కళ్లు మూసుకుని దొంగనిద్ర పోయేవాళ్లు. నేను అన్నం వేడి పెట్టేదాన్ని."

"ఆ ఎనిమిదీ నాకెవరూ రాసివ్వలేదు" అన్నారాయన మెల్లగా. "బృందంలో పెద్దాయన, నీ ఇష్టమొచ్చింది వాయించు అన్నాడు. చేతికలా వచ్చింది. నడక ముందో, ఇది ముందో మరి... నాకు తెలీదు."

"ఏది ముందైతేనేం? ఇన్నేళ్లూ రోజూ వింటూనే ఉన్నాను నేను. ఇంకోటి కూడా చెప్పనా? రెండోసారి ఆ రెండూ ఒకటీ కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. అది రాకపోతే కింది వాటా ఆయన వచ్చాడని అర్థం." అత్తగారి గొంతు పెద్దదైంది. "మరి నేను వినలేదని, వినలేదని ఎందుకనుకున్నారు? ఒక్కసారైనా, ఇదిగో నేను వాయించేది ఇదీ అని, ఆ వేలితో బల్ల మీద కొట్టి చూపిస్తే తెలిసిపోయేది కదా నాకు!"

"నువ్వు నవ్వుతావనుకున్నా."

ఆవిడ ఏదో అనబోయి మానేశారు. నాలుగో పాట తన దారిన అది అయిపోయి, ఐదోది మొదలైంది. నేను, మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాం. సోఫాలో ఇంకా ఇద్దరికి చోటుంది గానీ, ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు.

"ఇందులో ఎక్కడున్నారు?" అన్నారు అత్తగారు. ఈసారి అది జోకు కాదు.

"ఇందులో అందరితో కలిసి ఉంటానే. పట్టుకోవడం కష్టం."

"చూపించండి."

మామగారు కుడిచేయి ఎత్తారు. వేలు పూర్తిగా చాచడం ఆయనకు కుదరలేదు. వంగిన వేలితోనే గాల్లో చిన్నగా గుర్తు పెట్టారు. "ఇదిగో. ఇక్కడ. ఇప్పుడు కిందికి దిగుతాను, చూడు... ఇదిగో."

అత్తగారు ఆ వేలునే చూస్తూ, ఒక క్షణం వెనకబడి, తల ఊపడం మొదలుపెట్టారు. కాసేపటికి వెనకబడడం మానేశారు.

పన్నెండున్నర దాటింది. "వడ్డించనా అత్తయ్యా?" అన్నాను.

"ఉండమ్మా" అన్నారావిడ వేలి మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా రెండు పాటలున్నాయి."